ఎయిర్ ఫ్లో సెన్సర్ మారిస్తే ఇంజన్‌కి కొత్త బలం రాదు

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం గాజువాకలో పేపర్ల మధ్యన పెట్టి ఒక రంగుల కరపత్రం ఇంటింటికీ పంచారు. ‘మీ కారుకి హై ఫ్లో ఎయిర్ సెన్సర్ – పికప్ పెరుగుతుంది, మైలేజీ పెరుగుతుంది, పొగ తగ్గుతుంది, అన్ని కార్లకీ సరిపోతుంది’ అని పెద్దక్షరాలతో ఉంది. ఇంటికే వచ్చి బిగిస్తారట. అమ్మేవాళ్ల పేరు ఇక్కడ రాయను. ఇలాంటివాళ్లు ఒక్కరే కాదు, ఆన్‌లైన్‌లోనూ ఇదే సరుకు ఇవే మాటలతో అమ్ముతున్నారు. నేను ఆటోనగర్‌లో ఆటో ఎలక్ట్రీషియన్‌ని. అంబాసిడర్లకి కార్బురేటర్ విప్పి కడిగే రోజుల నుంచీ ఇదే పని. సోమవారం షెడ్డు తెరిచేసరికి ఆ కాగితం చేత్తో పట్టుకుని క్యాబ్ డ్రైవర్లు నిలబడి ఉన్నారు, ‘మేస్త్రీగారూ, ఇది వేయించమంటారా?’ అని. వాళ్లకి చెప్పిందే నలుగురికీ తెలియాలని మీకు రాస్తున్నాను. ఉత్తరం పెద్దదే అవుతుంది, దయచేసి ఓపిక పట్టండి.

ముందు ఆ వస్తువు ఏం చేస్తుందో చెప్పాలి. బానెట్ ఎత్తితే ఎయిర్ ఫిల్టర్ డబ్బా కనిపిస్తుంది కదా. డబ్బా దాటగానే, థ్రాటిల్ (యాక్సిలరేటర్ తొక్కితే తెరుచుకునే గాలి తలుపు) వైపు వెళ్లే గొట్టం మొదట్లో, నాలుగైదు వైర్ల కనెక్టర్ తగిలించిన చిన్న ప్లాస్టిక్ ముక్క ఉంటుంది. అదే మాస్ ఎయిర్ ఫ్లో సెన్సర్. పాతవాటిలో వెంట్రుకంత సన్నటి ప్లాటినం తీగ ఉండేది, ఇప్పటివాటిలో తీగకు బదులు పల్చటి పొర ఉంటోంది. దాన్ని కరెంటుతో వేడి చేసి, లోపలికొచ్చే గాలి కంటే ఎప్పుడూ ఒక లెక్క ప్రకారం ఎక్కువ వేడిలో నిలబెడతారు. గాలి తగిలితే అది చల్లారబోతుంది. చల్లారకుండా చూడటానికి ఎంత కరెంటు పట్టిందన్న దాన్నిబట్టి, ఎన్ని గ్రాముల గాలి లోపలికి పోయిందో ఇంజన్‌ని నడిపే కంప్యూటర్‌కి తెలుస్తుంది. 1970లలో బాష్ కంపెనీ వాళ్లు గాలి తోపుకి తెరుచుకునే రెక్కతో కొలిచేవారు. 1980ల మొదట్లో వేడి తీగ పద్ధతి తెచ్చారు. రెక్కకి గాలి ఎంత చోటు ఆక్రమించిందో మాత్రమే తెలిసేది. వేడి తీగ నేరుగా బరువే చెబుతుంది.

బరువు తెలియడం ఎంత అవసరమో అరకు రోడ్డెక్కిన డ్రైవర్‌కి తెలుస్తుంది. మన బీచ్ రోడ్డు సముద్ర మట్టాన ఉంటే అరకు దాదాపు తొమ్మిది వందల మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ గాలి ఇక్కడికంటే ఇంచుమించు పదోవంతు పల్చన. కార్బురేటర్ బండికి ఆ సంగతి తెలిసేది కాదు. గాలి తగ్గినంతగా పెట్రోలు తగ్గించక, అనంతగిరి మలుపుల్లో ఉక్కిరిబిక్కిరయ్యేది. ఇప్పటి సెన్సర్ ప్రతి మలుపులోనూ గాలి బరువు కొత్తగా చూస్తుంది, కంప్యూటర్ ఆ మేరకు పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లు తెరిచే సమయం తగ్గిస్తుంది. పెట్రోలు బండిలో గ్రాము పెట్రోలుకి 14.7 గ్రాముల గాలి అన్నది పుస్తకం లెక్క. ఆ లెక్క తప్పకుండా ఉండాలంటే గాలి బరువు సరిగ్గా తెలియాలి. సెన్సర్ పని అంతవరకే.

ఇంజన్ ఎంత గాలి పీల్చాలో తేల్చేవి సిలిండర్ల సైజు, వాల్వులు, థ్రాటిల్, గాలిని లోపలికి ఊదే టర్బో ఉంటే అది. సెన్సర్ మార్చినంత మాత్రాన వీటిలో ఏ ఒక్కటీ మారదు. ఫిషింగ్ హార్బర్‌లో కాటా మార్చినంత మాత్రాన బోటులో దిగిన చేప బరువు పెరుగుతుందా? కొత్త కాటా సరైనదైతే పాతది చెప్పిన బరువే చెబుతుంది. వేరే బరువు చెప్పిందంటే రెంటిలో ఒకటి తప్పు. నేను చెప్పదలచుకున్నదంతా ఈ ఒక్క మాటలో ఉంది. పాత సెన్సర్ పాడైపోయి ఉంటే సరైన కొత్తది వేస్తే పోయిన బలం తిరిగొస్తుంది. పాతది బాగానే ఉంటే కొత్తది ఇవ్వగలిగిందేమీ లేదు, చెడగొట్టగలిగింది మాత్రం చాలా ఉంది.

‘హై ఫ్లో’ అన్న మాట సంగతి చూద్దాం. సెన్సర్ గాలికి అడ్డం పడుతోంది, మాది పెద్ద గొట్టం కాబట్టి గాలి ఫ్రీగా పోతుంది అంటారు. అసలు సెన్సర్ పడే అడ్డం చాలా కొంచెం. అంతకంటే ఎక్కువ అడ్డం మాసిపోయిన ఎయిర్ ఫిల్టరే పడుతుంది. సరే, పెద్ద గొట్టమే పెట్టారనుకుందాం. డెబ్భై మిల్లీమీటర్ల గొట్టం తీసి ఎనభై మిల్లీమీటర్లది పెట్టారు. చూడటానికి తేడా పది మిల్లీమీటర్లే. కానీ గాలి పోయే దారి వైశాల్యం ముప్ఫై శాతం పెరిగింది. ఇంజన్ పీల్చే గాలి అంతే ఉంది, దారి పెద్దదైంది, కాబట్టి తీగ దగ్గర గాలి నెమ్మదిగా పోతుంది. తీగ తక్కువ చల్లారుతుంది. నూరు గ్రాముల గాలి పోతుంటే కంప్యూటర్‌కి డెబ్భై ఆరో డెబ్భై ఏడో అని చెబుతుంది. కంప్యూటర్ దాన్ని నమ్మి ఆ మేరకు పెట్రోలు తగ్గించి ఇస్తుంది. మామూలుగా ఊళ్లో తిరుగుతున్నప్పుడు సైలెన్సర్ పైపులో ఉన్న ఆక్సిజన్ సెన్సర్ చూసి దిద్దుతుంది కాబట్టి తెలియదు. హైవే ఎక్కి యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పుడు చాలా బళ్లలో ఆ దిద్దుబాటు ఆగిపోతుంది. అప్పుడు పెట్రోలు తక్కువ, వేడి ఎక్కువ. ఎగ్జాస్ట్ వాల్వులు కాలేది, పిస్టన్ దెబ్బతినేది అలాంటప్పుడే.

మరి ‘వేయించాక పికప్ పెరిగింది మేస్త్రీగారూ’ అని చెప్పేవాళ్లున్నారే అంటే, ఉన్నారు. వాళ్లు అబద్ధం చెప్పడం లేదు. వాళ్లకి అలా ఎందుకు అనిపించిందో కూడా చెప్పాలి, లేకపోతే నా మాట ఎవరూ నమ్మరు.

చాలాసార్లు పాత సెన్సర్ నిజంగానే మురికి పట్టి ఉంటుంది. ఏ మంచి సెన్సర్ వేసినా, ఆఖరికి పాతదాన్నే శుభ్రం చేసి పెట్టినా, బండి అలాగే లాగేది. బిగించేవాళ్లు పనిలో పనిగా ఎయిర్ ఫిల్టర్ కూడా కొత్తది వేస్తారు, బ్యాటరీ వైరు తీసి పెడతారు. దాంతో కంప్యూటర్ ఇన్నాళ్లూ నేర్చుకున్న దిద్దుబాట్లన్నీ చెరిగిపోయి, మొదటి రెండు రోజులు బండి నడక మారినట్టుంటుంది. పేరు మాత్రం సెన్సర్‌కి వస్తుంది.

ఇంకొకటి కాస్త లోతైన సంగతి. పెట్రోలు బండిలో స్పార్క్ ఎంత ముందుగా పడాలో కూడా కంప్యూటర్ గాలి లెక్క చూసే నిర్ణయిస్తుంది. గాలి తక్కువని చెబితే ఇంజన్ మీద బరువు తక్కువుందనుకుని స్పార్క్ ముందుకు జరుపుతుంది. తొక్కగానే బండి చురుగ్గా కదిలినట్టనిపిస్తుంది. ఆ చురుకు వెనకే టిక్కుటిక్కుమని నాకింగ్, అంటే సిలిండర్‌లో పెట్రోలు అదుపు తప్పి పేలే చప్పుడు, మొదలవుతుంది. ఏసీ వేసుకుని, అద్దాలెత్తుకుని, పాటలు పెట్టుకుని పోయేవాళ్లకి ఆ చప్పుడు వినపడదు. కొత్త బళ్లలో నాక్ సెన్సర్ విని స్పార్క్ వెనక్కి లాగుతుంది, అప్పుడు ఆ కాస్త చురుకూ పోతుంది. డీజిల్ బళ్ల కథ వేరే, అది ఒక బండితో చెబుతాను.

ఎయిర్‌పోర్టు ట్రిప్పులు వేసే కుర్రాడొకడు తన డిజైర్ డీజిల్ తెచ్చాడు. ‘కొత్త సెన్సరెట్టించీసాను. బండి బాగానే లాగుతంది గానీ పొగొకటే ఎక్కువొస్తంది. ఏటంటారు?’ అన్నాడు. కదిలించి చూస్తే వెనకాల గోడ మీద నల్లగా పడుతోంది. బండి కంప్యూటర్‌లోని రీడింగులు చదివే స్కానర్ తగిలించాను. ఇక్కడ కాస్త లెక్క చెప్పనివ్వండి, ఎందుకంటే ఆ లెక్కలోనే దొంగ దొరికాడు. ఆ ఇంజన్ 1248 సీసీ, నాలుగు సిలిండర్లు. ఒక్కో సిలిండర్ 312 సీసీ. మన ఊరి ముప్ఫై అయిదు డిగ్రీల ఎండలో లీటరు గాలి 1.15 గ్రాములుంటుంది. అంటే సిలిండర్ గొంతుదాకా నిండినా పట్టే గాలి 360 మిల్లీగ్రాముల లోపే. ఏ ఇంజనూ గొంతుదాకా నిండదు. స్లోలో, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజన్ ఆడుతున్నప్పుడు, టర్బో ఊదేది కూడా ఏమీ ఉండదు. ఎగ్జాస్ట్ పొగని కొంత తిరిగి లోపలికి పంపే ఈజీఆర్ వాల్వు మూసి, బండి స్లోలో పెట్టి చూస్తే మూడొందలకి అటూ ఇటూ రావాలి. ఈ కొత్త సెన్సర్ 380 చూపిస్తోంది. పట్టని గాలి పట్టిందని చెబుతోందన్నమాట.

పాతది ఏంచేశావురా అంటే డాష్‌బోర్డు అరలోంచి కాగితంలో చుట్టినది తీసిచ్చాడు. పారేయనందుకు మెచ్చుకున్నాను. దానికి వాడే స్ప్రేతో కడిగి, బాగా ఆరనిచ్చి, పెట్టి చూస్తే 305. పొగ పోయింది.

పొగకీ సెన్సర్‌కీ సంబంధమేమిటంటే, డీజిల్ ఇంజన్‌లో గాలిని చూసి, ఇంతకు మించి డీజిల్ పోస్తే పొగొస్తుందని కంప్యూటర్ ఒక హద్దు పెట్టుకుంటుంది. గాలి ఎక్కువుందని సెన్సర్ అబద్ధం చెబితే ఆ హద్దు పైకి జరుగుతుంది. తొక్కగానే కాస్త ఎక్కువ డీజిల్ పడుతుంది, కాస్త లాగినట్టుంటుంది, కాలని డీజిల్ మసై వెనక్కి పోతుంది. అది చాలదన్నట్టు, తాజా గాలి ఎక్కువైపోయిందనుకుని ఈజీఆర్ వాల్వు ఇంకాస్త తెరిచి ఎగ్జాస్ట్ పొగనే మళ్లీ లోపలికి పంపుతుంది. ఆ మసి సిలిండర్లకి గాలి పంచే ఇన్‌టేక్ మానిఫోల్డ్‌లో తారులా పేరుకుంటుంది. అది విప్పి గీకించడానికయ్యే ఖర్చు సెన్సర్ ఖర్చుకంటే ఎక్కువ. బీఎస్-6 డీజిల్ బండైతే సైలెన్సర్ లైన్‌లో మసి పట్టే ఫిల్టర్, డీపీఎఫ్ ఉంటుంది, మసంతా దానికే పోయి పడుతుంది, డీపీఎఫ్ మార్చే ఖర్చు వింటే గుండె ఆగుతుంది. ‘పొగ తగ్గుతుంది’ అని కరపత్రంలో రాశారు చూడండి, నాకు అన్నిటికంటే కోపం తెప్పించిన మాట అది. నెలనెలా కిస్తీ కట్టుకునే డ్రైవర్ చేత డబ్బిచ్చుకుని కొనిపించి, పొల్యూషన్ సర్టిఫికెట్ కూడా రాకుండా చేయడం ఏం న్యాయం?

కొత్తది తక్కువ చూపిస్తే అప్పుడూ నష్టమే. డీజిల్ బండైతే హద్దు కిందికి దిగిపోయి, బండి అరకు ఘాట్‌లో రెండో గేరు వదలదు. బోర్డు మీద లైటు కూడా వెలగకపోవచ్చు. రీడింగ్ మరీ హద్దు దాటితే తప్ప కంప్యూటర్ అనుమానపడదు. అందుకే నకిలీ సెన్సర్లు బతికిపోతున్నాయి. చాలావాటిలో స్లోలో రీడింగ్ సరిగ్గానే ఉంటుంది, బండి పరుగెత్తేకొద్దీ దారి తప్పుతుంది. షెడ్డులో నిలబెట్టి చూపిస్తే అంతా బాగున్నట్టే.

‘అన్ని కార్లకీ సరిపోతుంది’ అన్నది ఇంకో పచ్చి అబద్ధం. మన రోడ్ల మీద తిరిగే చిన్న పెట్రోలు కార్లలో చాలావాటికి అసలు మాస్ ఎయిర్ ఫ్లో సెన్సరే ఉండదు. వాటికి మానిఫోల్డ్ మీద మ్యాప్ సెన్సర్ ఉంటుంది. అది లోపలి ఒత్తిడి చూస్తుంది, ఉష్ణోగ్రత చూసే సెన్సర్ ఇంకొకటి ఉంటుంది, ఈ రెండూ కలిపి కంప్యూటర్ గాలిని లెక్కగడుతుంది. అలాంటి బండికి వీళ్లు ఏం బిగిస్తారని అడిగితే, ఒకాయన తన బండికి బిగించినది తీసుకొచ్చి చూపించాడు. నల్లటి డబ్బీ, దాని మీద మెరిసే స్టిక్కరు, లోపల ఒక రెసిస్టర్. గాలి ఉష్ణోగ్రత చెప్పే వైరు మధ్యలో దాన్ని అతికించారు. మే నెల ఎండలో కూడా గాలి చల్లగా ఉందని కంప్యూటర్ నమ్మి పెట్రోలు కాస్త ఎక్కువ పోస్తుంది. అంతే ఆ డబ్బీ విద్య. మైలేజీ పెరుగుతుందని చెప్పి పెట్రోలు ఎక్కువ తాగించే వస్తువు అమ్మారు.

పెద్ద సెన్సర్ ఎక్కడా పనికిరాదని నేననడం లేదు. అమెరికాలో ఫోర్డ్ మస్టాంగ్ అయిదు లీటర్ల బళ్లకి 1980ల చివర్లో మాస్ ఎయిర్ ఫ్లో సెన్సర్ వచ్చాక, వాటిని రేసులకి దిద్దేవాళ్లు పెద్ద సెన్సర్లు బిగించడం మొదలుపెట్టారు. గాలిని బలవంతంగా లోపలికి తోసే సూపర్‌చార్జర్ పెట్టి, పెద్ద ఇంజెక్టర్లు పెట్టి గాలి అంతంత పెంచేసరికి, పాత సెన్సర్ కొలవగలిగిన హద్దు దాటిపోయేది. సెన్సర్ పంపే సంకేతం అయిదు వోల్టుల దగ్గర ఆగిపోతే ఇక ఎంత గాలొచ్చినా అదే చెబుతుంది. అప్పుడు పెద్దది కావాలి, దాంతోపాటు కంప్యూటర్‌లోని లెక్కల పట్టిక కూడా మార్చాలి, ఇంజన్ బలం కొలిచే డైనో మీద పెట్టి చూడాలి. అక్కడ కూడా బలం ఇచ్చింది సూపర్‌చార్జర్. సెన్సర్ దాన్ని కొలవగలిగింది, అంతే. మన కుర్రాళ్లు ఆ వీడియోలు చూసి, కంపెనీ ఇచ్చిన ఇంజన్‌ని కదపకుండా సెన్సర్ ఒక్కటే మారిస్తే ఆ బలం వస్తుందనుకుంటున్నారు. వాళ్ల సరదా నాకు అర్థమవుతుంది. ఇంజన్ మీద ఇష్టమున్న కుర్రాణ్ణి చూస్తే నాకు సంతోషమే. ఆ డబ్బుతో ఒక చిన్న స్కానర్ కొనుక్కుని తన బండి రీడింగులు తనే చదవడం నేర్చుకుంటే ఎంతో బాగుంటుంది.

ఇక మన ఊరి సంగతి. విశాఖలో ఈ సెన్సర్లు తొందరగా మసకబారతాయన్నది నేను రోజూ చూసేదే. పోర్టులో బొగ్గు, ఇనుప ఖనిజం ఎక్కిస్తారు, దింపుతారు. కాన్వెంట్ జంక్షన్, జ్ఞానాపురం, పాతనగరం వైపు బళ్ల ఫిల్టర్ డబ్బా తెరిస్తే వేలికి నల్లటి పొడి అంటుకుంటుంది. మా గాజువాక వైపు లారీల దుమ్ము. చవక ఫిల్టర్ వేసినా, ఫిల్టర్ అంచు డబ్బాలో సరిగ్గా కూర్చోకపోయినా, ఆ సన్నటి పొడి దాటిపోయి వేడి తీగ మీద కాలి పొరలా అతుక్కుంటుంది. పొర పట్టిన తీగకి గాలి సరిగ్గా తగలదు. నూనె రాసే కాటన్ ఫిల్టర్లు కొందరు సరదాగా వేస్తారు. నూనె ఎక్కువ రాస్తే అది కూడా తీగ మీదికే వస్తుంది. సముద్రం ఒడ్డున పెట్టే బళ్లకి ఇంకో జబ్బు. ఉప్పుగాలికి కనెక్టర్ పిన్నులు పచ్చగా చిలుము పడతాయి. సెన్సర్ బాగానే ఉంటుంది, దాని మాట కంప్యూటర్ దాకా చేరదు. పిన్నులు శుభ్రం చేస్తే పోయేదానికి సెన్సర్ మార్చేసినవాళ్లు ఎంతమందో.

ఎంవీపీ కాలనీలో ఉండే టీచరమ్మ ఒకావిడ సెడాన్ కారు సంగతి చెబుతాను. చెక్ ఇంజన్ లైటు వెలిగింది. ఒక షాపులో స్కాన్ చేసి పీ0171 వచ్చింది, ఎయిర్ ఫ్లో సెన్సర్ పోయిందని చెప్పి కొత్తది వేశారు. కొన్నాళ్లకి లైటు మళ్లీ వెలిగింది. ఆ కోడ్‌కి అర్థం గాలికి తగ్గ పెట్రోలు అందడం లేదని మాత్రమే. ఎందుకు అందడం లేదన్నది మెకానిక్ వెతకాలి. నేను ఫ్యూయల్ ట్రిమ్ చూశాను. ట్రిమ్ అంటే తన లెక్కకి పైన కంప్యూటర్ ఎంత శాతం పెట్రోలు కలుపుతోందో, ఎంత తగ్గిస్తోందో చెప్పే అంకె. పదికి లోపు ఉంటే కంగారు లేదు. ఈ బండికి స్లోలో ప్లస్ 22 ఉంది. రెండున్నర వేల ఆర్‌పీఎమ్‌కి ఎత్తితే 5కి దిగింది. సెన్సర్‌కి మురికి పట్టి ఉంటే దీనికి తిరగబడి ఉంటుంది, ఆర్‌పీఎమ్ పెరిగేకొద్దీ అంకె పెరుగుతుంది. స్లోలో ఎక్కువై, ఎత్తితే తగ్గిందంటే సెన్సర్ దాటాక ఎక్కడో దొంగగాలి దూరుతోందన్నమాట. మా షెడ్డులో పనిచేసే గుంటడు ముడతల రబ్బరు గొట్టం చేత్తో వంచి చూస్తే అడుగు వైపు ముడతలో అంగుళం పగులు నోరు తెరిచింది. చుట్టూ దుమ్ము పట్టి ఉంది, పగులు దగ్గర మాత్రం గాలి పీల్చుకుపోయిన చోటు శుభ్రంగా ఉంది. పైనుంచి చూస్తే కనపడదు. కొన్ని వందల రూపాయల గొట్టం. ఆవిడ దానికి ముందు సెన్సర్‌కి పెట్టిన ఖర్చు వేలల్లో. ఆ షాపువాళ్లు కావాలని మోసం చేశారని నేననను. కోడ్ చదవడం దగ్గరే ఆగిపోయారు. మా వృత్తిలో ఈ జబ్బు పెరుగుతోందని బాధగా ఉంది. స్కానర్ చేతిలో ఉంది కాబట్టి చెవీ, కన్నూ, చెయ్యీ అక్కర్లేదనుకుంటే ఎలా?

దీనికి తోడు ఇప్పుడు ఇరవై శాతం ఇథనాల్ కలిపిన ఈ-20 పెట్రోలు వచ్చింది. ఇథనాల్‌లోనే ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి అదే గాలికి పెట్రోలు ఎక్కువ కావాలి. 14.7 అన్న లెక్క ఈ-20కి 13.5 దగ్గరకొస్తుంది. మామూలు పెట్రోలుకి తయారుచేసిన పాత బండిలో ట్రిమ్ ఏడెనిమిది శాతం పైకి జరిగి కనపడటం సహజం. అది రోగం కాదు. ఆ అంకె చూపించి ‘సెన్సర్ వీకైపోయింది’ అని అమ్మేవాళ్లు తయారవుతారు, ఇప్పటికే అలా చెప్పారంటూ ఒకరిద్దరు బండివాళ్లు నా దగ్గరికి వచ్చి అడిగారు.

కంపెనీ షోరూములోనే కొనమని కూడా నేను చెప్పను. కారు కంపెనీలు సెన్సర్లు సొంతంగా చేసుకోవు. బాష్, డెన్సో లాంటివాళ్లు చేసిస్తారు. అదే తయారీదారు సరుకు, కారు కంపెనీ పెట్టె లేకుండా, నమ్మకమైన స్పేర్‌పార్ట్స్ షాపుల్లో తక్కువకి దొరుకుతుంది. అది వేయించుకోవడంలో తప్పేమీ లేదు, నేనూ వేస్తాను. పాత సెన్సర్ మీద ఉన్న నంబరూ కొత్తదాని మీది నంబరూ అంకె అంకె సరిపోవాలి. బయటి రూపం, కనెక్టర్ ఒకటేగా అని వేయకూడదు. ఒకే రూపంలో ఉన్న రెండు సెన్సర్లకి లోపలి లెక్క వేరుగా ఉండొచ్చు, ఏ ఇంజన్‌కి తగ్గ లెక్క ఆ ఇంజన్‌దే. మరీ చవగ్గా వస్తోందంటే అనుమానించండి. నకిలీల మీద అచ్చు మసకగా ఉంటుంది, ప్లాస్టిక్ అంచులు గరుకుగా ఉంటాయి. కానీ ఈమధ్య అచ్చు కూడా బాగానే కొడుతున్నారు, కాబట్టి కంటితో చూసి నమ్మడానికి లేదు. బిగించాక స్కానర్‌లో రీడింగ్ చూపించమని అడగండి. పెట్రోలు బండైతే ఇంజన్ వేడెక్కి, ఏసీ ఆపి, స్లోలో ఉన్నప్పుడు లీటరు ఇంజన్‌కి సెకనుకి సుమారు ఒక గ్రాము, రెండు గ్రాముల లోపు ఉండటం మామూలు. రోడ్డు మీద ఫుల్లుగా తొక్కినప్పుడు ఎంత చూపిస్తోందో కూడా చూడాలి. ఆ శ్రమ పడని మెకానిక్ చేత సెన్సర్ మార్పించుకోవద్దు.

మార్చే ముందు ఒకసారి కడిగించండి. ఎయిర్ ఫ్లో సెన్సర్‌కని ప్రత్యేకంగా స్ప్రే దొరుకుతుంది. కార్బురేటర్ క్లీనర్ కొట్టకూడదు, అది ప్లాస్టిక్‌ని తింటుంది. గుడ్డతో తుడవకూడదు, బ్రష్ పెట్టకూడదు, కంప్రెసర్ గాలి కొట్టకూడదు. ఆ పొర గోరు తగిలినా పోతుంది. కొట్టాక పూర్తిగా ఆరేదాకా ఇగ్నిషన్ వేయకూడదు. ఇంతే పని. మా ఆటోనగర్‌లో ఈ పనిని సర్వీసులో భాగంగా చేసే మేస్త్రీలు చాలామంది ఉన్నారు, డబ్బు కూడా పెద్దగా తీసుకోరు.

మీ పత్రికకి నాదొక విన్నపం. ఆదివారం వాహనాల పేజీలో కొత్త మోడళ్ల ఫొటోలు, ధరలు వేస్తున్నారు, బాగుంది. అందులోనే నెలకొకసారైనా ఇలాంటి విడిభాగాల గురించి, ఏ బండికి మాస్ ఎయిర్ ఫ్లో సెన్సర్ ఉంటుందో, దేనికి మ్యాప్ సెన్సర్ ఉంటుందో, తెలిసినవాళ్ల చేత రాయించండి. ఈ కరపత్రాలు పంచేది మీరు కాదని, ఏజెంట్ల దగ్గర పిల్లలు పెడతారని నాకు తెలుసు. అయినా పేపర్లోంచి జారిపడిన కాగితం చూసి ‘పేపర్లో వచ్చింది మేస్త్రీగారూ’ అనే నా దగ్గరికి వస్తున్నారు. మీ పేరు మీద ఉన్న నమ్మకాన్ని ఎవరో వాడుకుంటున్నారు. ఏజెంట్లకి ఒక మాట చెప్పి చూడండి.

ఇప్పటికే కొనేసినవాళ్లు పాత సెన్సర్ ఉంటే దాన్ని కడిగించి తిరిగి పెట్టించుకోండి. బిగించినవాళ్లు పాతది తీసుకుపోయి ఉంటే అడిగి తెచ్చుకోండి, అది మీ వస్తువు. కరపత్రం, బిల్లు, ఫోన్‌లో డబ్బు పంపిన రసీదు దాచండి. బండి పొగ కొడుతుంటే పొల్యూషన్ సెంటర్ వాళ్లిచ్చిన కాగితం కూడా దాచండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915, తెలుగులో కూడా మాట్లాడతారు. అక్కడ తేలకపోతే విశాఖలోనే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. అయిదు లక్షల లోపు వ్యవహారానికి దావా ఫీజు లేదు, వకీలు పెట్టుకోకుండా మీరే రాసివ్వొచ్చు. రీడింగుల కాగితం కావాలంటే మీ మేస్త్రీని అడగండి. పాత సెన్సర్‌తో ఒకటి, కొత్తదానితో ఒకటి, ఒకే రోజు, ఒకే బండి మీద తీసి, తేదీ వేసి సంతకం పెట్టిమ్మనండి.

ఇట్లు,
ఒక ఆటో ఎలక్ట్రీషియన్,
ఆటోనగర్, గాజువాక,
విశాఖపట్నం